భూమిపూజకూ గృహప్రవేశానికీ నడుమ

ఒక ఇంటికి పురోహితుణ్ణి రెండుసార్లు పిలుస్తారు. ముగ్గు పోసి శంకుస్థాపన చేసే రోజు ఒకసారి, పాలు పొంగించే రోజు ఇంకోసారి. సొంతంగా కట్టుకునేవాళ్లయితే గడప నిలబెట్టడానికి మరో గంట పిలుస్తారేమో గానీ, ముప్ఫై అంతస్తుల టవర్‌కు ఆ మర్యాద కూడా లేదు. మొదటి పూజకూ చివరి పూజకూ నడుమ మూడేళ్లు గడుస్తాయి. ఆ మూడేళ్లూ అక్కడ ముహూర్తం లేదు, మంత్రం లేదు. ఉన్నదల్లా దుమ్ము.

నేనుండేది చందానగర్‌లో. నల్లగండ్ల, గోపన్‌పల్లి, కొండాపూర్, ఇటు తెల్లాపూర్ దాకా నాచేత పూజలు చేయించుకునే యజమానులున్నారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు దాని అవతల ఎటు చూసినా బండలే. ఆ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎవరో తీరిగ్గా పేర్చి వెళ్లినట్టు ఒకదాని మీద ఒకటి నిలిచే ఆ గుండ్లు, ఎండకూ వానకూ పొరలు రాలి ఆ రూపానికి వచ్చాయి. దుర్గం చెరువు పక్కన, ఖాజాగూడ గుట్టల మీద, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో కొన్ని ఇంకా మిగిలాయి. చాలావాటిని తూటాలు పెట్టి పేల్చి, క్రషర్‌లో వేసి, 40 ఎంఎం కంకరగా, 20 ఎంఎం కంకరగా, రోబో శాండ్‌గా విడగొట్టి గోడల్లోకి ఎక్కించారు. అన్నిటికన్నా సన్నగా మిగిలేదాన్ని పనివాళ్లు డస్ట్ అంటారు. రోజూ పొద్దున మా తులసి ఆకుల మీద నేను తుడిచేది దాన్నే.

ఆ నడిమి మూడేళ్ల లాంటి ఖాళీ మన దేవుళ్ల కథలోనూ ఒకటుంది. సృష్టి, స్థితి, లయ అని మూడు పనులు చెప్పుకొని ముగ్గురికి పంచాం. బ్రహ్మ పనేమిటో చిన్న పిల్లవాడికీ తెలుసు. రుద్రుడి పనీ తెలుసు. మరి విష్ణువు రోజూ ఏం చేస్తాడని అడిగితే అవతారాల పేర్లు చదువుతాం. హిరణ్యకశిపుడు లేని నాడు, రావణుడు లేని నాడు, ఒక మామూలు మంగళవారం పూట లోకాన్ని నిలపడమంటే ఏం చేయడం? పటాల్లో ఆయన పాముపడక మీద కళ్లు మూసుకొని ఉంటాడు. అది యోగనిద్ర అని సర్దిచెబుతాం. ఒకసారి సృష్టించి వదిలితే లోకం తనంతట తానే నిలుస్తుందనీ, ఎవరైనా చెడగొడితేనే కాపాడవలసి వస్తుందనీ మనసులో ఎక్కడో ఒప్పేసుకున్నాం. స్థితి నిజంగా ఒక పనేనా, లేక రెండు పనుల నడుమ విరామమా? పురాణం చెప్పేటప్పుడల్లా నాకు అడ్డు తగిలే ప్రశ్న ఇది. దీని మీద నన్ను కదిలించింది ఏ భాష్యమూ కాదు. చిన్న చిన్న నక్షత్రాల చుట్టూ తిరిగే ధూళి.

నల్లగండ్లలో నేను గృహప్రవేశం చేయించిన ఒక ఇంటి అమ్మాయి ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. సత్యనారాయణ వ్రతం ముగిసి, ప్రసాదం పొట్లాలు కడుతుండగా నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పంతులుగారూ, ప్రళయం అయ్యాకే మళ్లీ సృష్టి అంటారు కదా. రెండూ ఒకే చోట, ఒకేసారి జరుగుతుంటే దాన్ని ఏమనాలి?"

"ఎక్కడ జరుగుతోందమ్మా?" అన్నాను.

ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. నడుమ నల్లటి బిళ్ల, దానికి రెండు పక్కలా సన్నగా సూదిలా సాగిన వెలుగు. నక్షత్రం కాంతిని అడ్డంపెట్టి మూసి, దాని చుట్టూ ఉన్న ధూళిపళ్లేన్ని అంచు వైపు నుంచి తీసిన ఫొటో అట. ఆ రోజు ఆ అమ్మాయి చెప్పింది కొంత, తరువాత నేను అడిగి, చదివి తెలుసుకున్నది కొంత. రెండూ కలిపి చెబుతాను.

ఈ ధూళి కథ మనం అభిజిత్తు అని పిలిచే నక్షత్రం దగ్గర మొదలైంది. ఇరవై ఏడింటి లెక్కలో చోటు దక్కని ఇరవై ఎనిమిదో నక్షత్రం అది. పాశ్చాత్యులు వేగా అంటారు, 25 కాంతి సంవత్సరాల దూరం. 1983లో అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి పంపిన ఐరాస్ అనే ఉపగ్రహం పరారుణ కాంతిలో ఆకాశాన్ని కొలిచింది. కొలతలు సరిచూసుకోవడానికి ప్రమాణంగా పెట్టుకున్న నక్షత్రాల్లో అభిజిత్తు ఒకటి. తీరా చూస్తే ఆ ప్రమాణమే లెక్కకు మించి వేడిని విరజిమ్ముతోంది. నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి వెచ్చబడి ఇస్తున్న వేడి అది. మరుసటి ఏడు, 1984లో, బీటా పిక్టోరిస్ అనే మరో నక్షత్రం చుట్టూ అలాంటి పళ్లేన్ని చిలీలోని లాస్ కంపానాస్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ స్మిత్, రిచర్డ్ టెరైల్ ఫొటో తీశారు.

మొదట ఎవరికైనా తోచేది ఒకటే: గ్రహాలు కట్టగా మిగిలిన సరుకు అయ్యుంటుంది. వేదం చదివినవాడయితే వెంటనే అథర్వవేదం పదకొండో కాండలోని ఉచ్ఛిష్ట సూక్తాన్ని అందుకుంటాడు. యజ్ఞంలో మిగిలిన శేషం మీదే లోకాలన్నీ నిలిచాయని కీర్తించే సూక్తం అది. భగవంతుడి శేషాన్ని కళ్లకద్దుకొని తినే జాతికి ఆ ఊహ ఎంత ఇష్టంగా ఉంటుందో వేరే చెప్పాలా? కానీ ఈ ధూళి శేషం కాదు. అసలు మెలిక ఇక్కడే ఉంది.

నక్షత్రం పుట్టినప్పుడు దాని చుట్టూ వాయువూ ధూళీ కలిసిన దట్టమైన పళ్లెం ఉంటుంది. గ్రహాలు కట్టుకునేది అందులోనే. సాధారణంగా కోటి ఏళ్లలోపే ఆ వాయువు చెదిరిపోతుంది. వాయువు పోయాక సన్నటి ధూళికి అక్కడ నిలిచే దారి లేదు. కొన్ని రేణువులను నక్షత్రపు కాంతి బయటికి నెట్టేస్తుంది. కొన్నిటి వేగాన్ని అదే కాంతి మెల్లగా హరిస్తే, అవి సుడి తిరుగుతూ నక్షత్రంలోకి జారిపోతాయి. నక్షత్రపు వయసు ముందు ఈ రేణువుల ఆయుష్షు లిప్తపాటు. అయినా పది కోట్లు, ఇరవై కోట్ల ఏళ్లు గడిచిన నక్షత్రాల చుట్టూ కూడా ధూళి కనిపిస్తోంది. అంటే ఆ ధూళి పాతది కాదు. ఇప్పుడు, ఇవాళ తయారవుతున్నది. గ్రహాలుగా కట్టుకోని రాతిగుండ్లు, మంచుగుండ్లు ఇంకా అక్కడే తిరుగుతూ ఒకదానితో ఒకటి గుద్దుకుంటున్నాయి. కొండంతవి పగిలి ఇంటంతవి, ఇంటంతవి పగిలి పిడికిలంతవి, చివరికి పొగలాంటి రేణువులు. మా క్రషర్‌లో 40 ఎంఎం నుంచి డస్ట్ దాకా వరసగా దిగినట్టే. రోజూ ఎంత ధూళి పోతుందో ఇంచుమించు అంతా రోజూ కొత్తగా పుడుతుంది. పళ్లెం అలాగే కనిపిస్తుంది. అందులోని రేణువు ఏదీ నిన్నటిది కాదు.

ఆ అమ్మాయి ఫోన్లో చూపించిన నక్షత్రం పేరు ఏయూ మైక్రోస్కోపీ. మకర రాశికి దక్షిణంగా సూక్ష్మదర్శిని పేరుతో ఒక నక్షత్ర మండలం ఉంది, అందులోది. భాద్రపదం రాత్రుల్లో మన ఊళ్లోనూ దక్షిణాకాశంలో ఉంటుంది గానీ మామూలు కంటికి ఆనదు. బరువు సూర్యుడిలో సగం, వెలుగు పదో వంతు, దూరం 32 కాంతి సంవత్సరాలు. వయసు 2.2 కోట్ల ఏళ్లు. సూర్యుడి 460 కోట్ల ఏళ్లతో పోలిస్తే ఇంకా పురిటి వాసన పోని బిడ్డ. బీటా పిక్టోరిస్‌కు తోబుట్టువే; రెండూ ఒకే నక్షత్రకుటుంబంలో పుట్టాయి. అన్న భారీ మనిషి కనుక 1984లోనే లోకానికి కనబడ్డాడు. ఈ తమ్ముడి ధూళిపళ్లెం 2004లో హవాయి ద్వీపంలోని మౌనా కియా మీద నుంచి దొరికింది. 2015 నాటికి అందులో అలల్లాంటి ముద్దలు బయటికి పరుగెత్తుతున్నాయని, వాటిలో కొన్ని నక్షత్రం పట్టును దాటిపోయే వేగంతో వెళుతున్నాయని తేలింది. కారణం మీద ఇంకా వాదాలు నడుస్తున్నాయి. 2020లో అదే నక్షత్రం చుట్టూ ఎనిమిదిన్నర రోజులకు ఒక చుట్టు తిరిగే గ్రహం బయటపడింది. గ్రహం అక్కడే, పిండి అవుతున్న బండలూ అక్కడే.

ఇలాంటి చిన్న ఎర్ర నక్షత్రాలే మన పాలపుంతలో ముప్పావు వంతు. అయినా వాటి చుట్టూ ధూళి దొరకడం అరుదు. సూర్యుడి పాటి నక్షత్రాలను వెతికితే ఐదింట ఒకదానికి దొరుకుతుంది. చిన్నవాటి దీపం మసక కనుక ధూళి ఉన్నా తగినంత వెచ్చబడదు. పైగా పసితనంలో వాటికి కోపం ఎక్కువ, వాటి నుంచి వీచే కణాల గాలి సన్నటి ధూళిని ఊడ్చేస్తుంది. కొన్ని మాత్రం మొండివి. నాసా వారి డిస్క్ డిటెక్టివ్ కార్యక్రమంలో ఇంట్లో కూర్చుని బొమ్మలు చూసే మామూలు మనుషులు పట్టుకున్న ఒక చిన్న నక్షత్రానికి 4.5 కోట్ల ఏళ్లు వచ్చినా పుట్టినప్పటి వాయువు ఇంకా పోలేదు. పెరగనని మొరాయించే ఇంగ్లీషు కథల పిల్లవాడి మీద ఇలాంటివాటికి పీటర్ పాన్ పళ్లేలని పేరు పెట్టారు. నన్నడిగితే మార్కండేయుడి పేరు పెట్టేవాణ్ణి. ఇక 2025 జూన్‌లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు టీడబ్ల్యూఏ 7 అనే మరో పసి నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి వలయాల సందులో శనిగ్రహమంత బరువున్న గ్రహాన్ని నేరుగా ఫొటో తీసింది. ఆ నక్షత్రానికి ఏళ్లు 64 లక్షలే.

ఇవన్నీ ఎక్కడో హవాయిలోనూ చిలీలోనూ తేలే సంగతులని, మన ఊరికి వీటితో ఏం పని అని అనుకోవద్దు. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాద్ ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. మొత్తం ఆకాశాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన పనిలో, సాంటియాగో చేయలేక వదిలేసిన భాగం ఈ నిజామియా వేధశాలకు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ అది. మన అనూరాధలోని పై రెండు నక్షత్రాలూ అందులోనే పడతాయి. వృశ్చికంలో ఆ అనూరాధ, జ్యేష్ఠల చుట్టూ ఉన్నది కోటి ఏళ్ల వయసున్న నక్షత్రాల పెద్ద కుటుంబం. దూరం సుమారు 470 కాంతి సంవత్సరాలు. అక్కడి పెద్ద నక్షత్రాలు ఈపాటికే వాయువు పోగొట్టుకొని గుద్దుళ్ల దశకు చేరాయి. చిన్నవాటిలో కొన్ని ఇంకా పుట్టిన పళ్లెంతోనే ఉన్నాయి. ఒక దశ పోయి ఇంకో దశ వచ్చే గడప మీద పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు తక్కువ. ఆనాటి పలకలకు అందనంత మసకవి ఆ చిన్న నక్షత్రాలు. అయినా ఆ పట్టీలోని లక్షలాది చుక్కల స్థానాలు కొలిచి రాసింది మన ఊరివాళ్లు. పెళ్లి ముహూర్తాలకు అనూరాధను ఏరి పెట్టే నాకు ఈ సంగతి తెలిశాక ఆ నక్షత్రం పేరు పలికే తీరు మారింది.

ఇక అసలు ప్రశ్న. ముందు ఒక హద్దు గీసుకోవాలి. ఈ ధూళి మన ఋషులకు ముందే తెలుసని నేను అనబోవడం లేదు. గురజాడ ఆ వాదాన్ని కన్యాశుల్కంలో ఎక్కించిన గద్దె మీద నుంచి దించే సాహసం నాకు లేదు. ప్రత్యక్షంతో, అనుమానంతో తెలిసే విషయాల్లో శ్రుతిని ప్రమాణంగా తేకూడదని గీతాభాష్యం చివరి అధ్యాయంలో శంకరులే గట్టిగా చెప్పారు. ధూళి సంగతి టెలిస్కోపు చెప్పాలి. ఆ ధూళిని చూశాక మన ప్రశ్నను ఎలా అడగాలో మాత్రం మనం చెప్పుకోవచ్చు.

మన దర్శనాల్లో ప్రతిదీ ఈ పళ్లేన్ని తన సాక్షిగా పిలుచుకోగలదు. చూశారా, నిలిచేది ఏదీ లేదు, ప్రవాహమే ఉందని బౌద్ధుడు అంటాడు. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ విహారాల్లో ఇలాంటి వాదాలు రాత్రుళ్లు నడిచే ఉంటాయి. అవయవాలకంటే వేరుగా అవయవి ఒకటి ఉంటుంది, రేణువులు మారినా పళ్లెం పళ్లెమే అని నైయాయికుడు అంటాడు. కుమారిల భట్టు పేరు చెప్పుకొనే మీమాంసకుడు అసలు సృష్టినీ ప్రళయాన్నీ ఒప్పుకోడు. లోకం ఇలా లేని రోజంటూ లేదన్నది వాళ్ల పక్షం. కోటి ఏళ్ల నక్షత్రాన్నీ, రెండు కోట్లదాన్నీ, 460 కోట్లదాన్నీ ఒకే రాత్రి పక్కపక్కన చూడగలిగే మనం ఆ పక్షంలో ఉండలేం. లోకం ఇలా లేని రోజులు ఉన్నాయి. అవి ఇప్పుడు కూడా పక్క వీధిలో కనిపిస్తున్నాయి.

నాకు ఈ వాదాల్లో దారి చూపింది మా ఊరి గుడి. మాది అలంపురం వైపు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. అక్కడ రాళ్లు అవే, చోటు మారింది. ఏయూ మైక్రోస్కోపీ దగ్గర చోటు అదే, రాళ్లు మారుతున్నాయి. మరి ఒక వస్తువును అదే వస్తువుగా నిలిపేది రాయా, చోటా? మన ఆగమాలను అడిగితే రెండూ కావు. జీర్ణోద్ధారణ చేసేటప్పుడు మూర్తిలోని కళను కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచుతారు. యాదగిరిగుట్టలో పని జరిగిన ఏళ్లన్నీ స్వామి బాలాలయంలోనే ఉన్నాడు, 2022 మార్చిలో మళ్లీ గర్భాలయం చేరాడు. ఆ ఏళ్లలో గోపురాలు లేవు, మండపాలు లేవు. అయినా గుడి ఆగలేదు. ఎందుకంటే పూటపూటా ఆరాధన జరిగింది. గోడలన్నీ చెక్కుచెదరకుండా ఉండి, అర్చన ఆగిపోయిన గుడిని మాత్రం సంప్రోక్షణ చేయకుండా మళ్లీ తెరవరు.

అంటే స్థితి పనేనని మన ఆచారానికి తెలుసు, మన కథలకే తెలియదు. మీమాంసకుల దగ్గర దీనికి లెక్క కూడా ఉంది. కామ్యకర్మ చేస్తే ఫలం వస్తుంది. నిత్యకర్మకు అలాంటి కొత్త ఫలం ఏదీ చెప్పరు. చేస్తే లాభమేమీ కనబడదు, మానితే ప్రత్యవాయం. సంధ్యావందనం ఎందుకు చేయాలని మనవలు అడిగితే నేను చాలాసార్లు గుటకలు మింగాను. ఇప్పుడు మింగను. నిన్నటి స్థితిలో ఇవాళ ఉండడానికే పని కావాలి. ఏమీ మారనట్టు కనబడడమే ఆ పని జరిగిందనడానికి ఆనవాలు. ఏయూ మైక్రోస్కోపీ చుట్టూ ఆ పళ్లెం మనకు కదలకుండా కనిపిస్తున్నదంటే అక్కడ ఒక్క క్షణం కూడా పని ఆగలేదన్నమాట. ఆ పనిని విడదీసి చూస్తే అందులో వేరే మూడో పదార్థం లేదు. అటు పగలడం, ఇటు పుట్టడం, రెండూ ఒకే జోరుతో. సృష్టి లయలు సమానంగా నడిచినంత కాలం దాన్ని మనం స్థితి అంటున్నాం. శైవులు శివుడికి అయిదు కృత్యాలు చెప్పి, సృష్టినీ స్థితినీ సంహారాన్నీ ఒక్కడి చేతిలోనే పెట్టడంలో ఉన్న లోతు నాకు ఇక్కడ తెలిసింది. ముగ్గురికి పంచితే నడిమివాడికి పని లేనట్టు కనిపిస్తుంది. ఒక్కడే చేస్తున్నాడంటే ఆ మూడూ ఒకే కదలిక.

ఆ నడిమి పనిని తక్కువగా చూడడానికి నాబోటివాడికి అసలు హక్కు లేదు. నేను బతికేది తిథుల మీద. తిథి అంటే సూర్యుడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు జరగడం. ఆ చంద్రుడు ఎలా వచ్చాడు? ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఒప్పుకొనే ప్రకారం, సూర్యుడు పుట్టిన కొన్ని కోట్ల ఏళ్లకు, వాయువంతా పోయి గుండ్లు గుద్దుకునే దశలో, అంగారకుడంత పిండం ఒకటి పసి భూమిని ఢీకొంది. ఎగిరిన శకలాలు కూడి చంద్రుడయ్యాడు. మా ఏకాదశి, మా పౌర్ణమి, మా సంకష్టహర చవితి, అన్నీ ఆ గుద్దులో పుట్టినవే. సృష్టి అయిపోయిందని ఎవరైనా అప్పుడే లెక్క మూసేసి ఉంటే పంచాంగం ఉండేది కాదు. సూర్యుడి చుట్టూ ఆ ధూళి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అంగారకుడికీ బృహస్పతికీ నడుమ ఉన్న రాళ్లు ఇంకా గుద్దుకుంటున్నాయి, తోకచుక్కలు ఇంకా ధూళి రాలుస్తున్నాయి. చిన్నప్పుడు కార్తీక స్నానానికి చీకటితో తుంగభద్రకు వెళ్లేటప్పుడు తూర్పున గోపురంలా లేచే పలచటి వెలుగును చూసేవాళ్లం. మా నాయన, "అది పొద్దు కాదురా, ఇంకా జాముంది" అనేవాడు. ఆ ధూళి మీద పడిన సూర్యకాంతే అది. చందానగర్‌లో ఎంత తెల్లవారుజామున లేచినా వీధి దీపాలు దాన్ని కనబడనివ్వవు.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఈ స్థితి ఉత్తపుణ్యాన నడవదు. గుద్దుకోవడానికి గుండ్లు ఉండాలి కదా. ఒకసారి పిండి అయి ఎగిరిపోయినది మళ్లీ గుండు కాదు. నిల్వ తరుగుతుంది. అందుకే వయసు పెరిగే కొద్దీ ఈ పళ్లేలు మసకబారుతాయి. వేదాంతులు చెప్పే ప్రారబ్ధం ఇలాగే ఉంటుంది. జ్ఞానం వచ్చి పని ముగిసినా, ముందే కూడబెట్టుకున్నదాంట్లో ఫలించడం మొదలైన కర్మ తీరేదాకా శరీరం నడుస్తుంది, తీరగానే ఆగుతుంది. గ్రహాలు కట్టే పని ముగిశాక ఈ నక్షత్రాల చుట్టూ నడిచేదీ తీరని బాకీయే. కాబట్టి ఏదైనా నిలిచి ఉందని మురిసిపోయే ముందు ఒక ప్రశ్న అడగాలి: ఎవరి నిల్వ ఖర్చవుతోంది?

ఈ ప్రశ్నతో మా చందానగర్‌కు తిరిగి వస్తే మెడ వంచుకోవాల్సి వస్తుంది. ఇక్కడ రోజూ లోకాన్ని నిలబెట్టేది ఎవరు? తెల్లారకముందే రోడ్డు మీది డస్ట్‌ను చీపురుతో ఊడ్చే ఆడవాళ్లు. మ్యాన్‌హోల్ మూత తీసి దిగేవాళ్లు. క్రషర్ దగ్గర ముక్కుకు తువ్వాలు చుట్టుకొని నిలబడేవాళ్లు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకొని వచ్చే సిలికోసిస్ అనే జబ్బు తగ్గేది కాదు. వాళ్ల నిల్వ వాళ్ల ఊపిరి. 250 కోట్ల ఏళ్ల బండ మా అందరి నిల్వ. రాళ్లను కాపాడమని 1996 నుంచి ఈ నగరంలో ఒక సంఘమే పనిచేస్తోంది. కొన్ని శిలలకు వారసత్వ హోదా కూడా వచ్చింది. పేలే తూటాల ముందు అది చాలడం లేదు.

ఒక బిల్డర్‌తో ఈ మాటే అన్నాను. భూమిపూజకు కొబ్బరికాయలు లెక్కపెడుతూ అతను నవ్వాడు. "పాతది పోకుంటే కొత్తదెట్ల వస్తది పంతులు గారూ? దేవుడు చేసేది గూడ గదే గద!"

నేను పైన చెప్పిన తత్త్వమంతా పట్టుకుపోయి అతని చేతిలో పెడితే, అతను సరిగ్గా దీనికే వాడతాడు. లయం లేనిదే స్థితి లేదు, కాబట్టి కొట్టెయ్యి బండను. ఇందులో తప్పు ఎక్కడో తేల్చుకోకపోతే ఇంత ఆలోచనా వృథా. ఏయూ మైక్రోస్కోపీ దగ్గర పగిలే గుండును పగలగొట్టింది ఎవరని అడగలేం. అక్కడ ఆకర్షణ ఉంది, వేగం ఉంది; ఎంచుకున్నవాడు లేడు. ఒకడి లాభం కోసం ఇంకొకడు ఆ ధూళి పీల్చడం లేదు. జరిగేదానికీ చేసేదానికీ ఉన్న తేడా ఇదే. మన కర్మసిద్ధాంతం అంతా ఈ తేడా మీదే నిలిచింది. కర్త లేనిచోట కర్మఫలం మాట రాదు. ఉన్నచోట దాన్ని ప్రకృతి మీదికి తోసేస్తే కుదరదు.

ఏ పూజకైనా మేం చెప్పించే సంకల్పంలో ఈ తేడా స్పష్టంగా ఉంది. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం అని కాలాన్ని కోట్ల ఏళ్లలో కొలుస్తాం. శ్రీశైలానికి వాయవ్యాన, కృష్ణా గోదావరుల నడుమ అని చోటును చెబుతాం. సంవత్సరం, మాసం, తిథి చెబుతాం. అంత పెద్ద కాలంలో, అంత పెద్ద లోకంలో వెతికి వెతికి చివరికి ఒక గోత్రం దగ్గర, ఒక మనిషి పేరు దగ్గర ఆగుతాం. ఈ పని చేస్తున్నది ఇతడు అని అందరి ముందూ పేరు పెట్టి చెప్పించడానికే ఇదంతా. నక్షత్రాల ధూళికి గోత్రం లేదు. మా ధూళికి ఉంది.

అందుకని ఈ మధ్య శంకుస్థాపన చేయించేటప్పుడు సంకల్పం అయ్యాక తెలుగులో ఒక మాట కలుపుతున్నాను. పని ముగిసేదాకా రోజూ నీళ్లు చల్లించి దుమ్ము అణుస్తాననీ, చుట్టూ ఆకుపచ్చ పరదా కట్టిస్తాననీ, రాయి కోసేవాడికి మాస్కు ఇవ్వనిదే పని మొదలుపెట్టించననీ యజమాని తన పేరుతో చెప్పాలి. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు, నిర్మాణ నిబంధనల్లో ఉన్నవే. కొందరు నవ్వి చెబుతారు. కొందరు చెప్పి చేస్తారు కూడా. ఆ బిల్డర్ మాత్రం తరువాతి భూమిపూజకు వేరే పంతులును చూసుకున్నాడు. ఫరవాలేదు. ఆరంభానికీ ముగింపుకూ మంత్రాలు చెప్పగలవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. నడిమి మూడేళ్లకు ఎవరు కర్తో అడిగేవాడు కూడా పురోహితుడేనని నా పక్షం.